కదిరి ఎండలో నా వాన కొలువు

నేను ఒక రెయిన్ సెన్సర్‌ను. పేరు విని ఏ దొరగారో అనుకోకండి. అరచేతిలో ఇమిడే ప్లాస్టిక్ డబ్బాను, నెత్తిన చిల్లుల టోపీ, అంతే. వాన పడగానే పచ్చికకు నీళ్లు చిమ్మే స్ప్రింక్లర్లను ఆపడం నా వృత్తి. ఆకాశం చూస్తే తెలిసే సంగతికి యంత్రం ఎందుకంటారా? ఆకాశం చూసే తీరికే ఉంటే మనుషులు నన్నెందుకు చేస్తారు!

నా కడుపులో నాలుగు బిళ్లలున్నాయి. తడిస్తే అటుకుల్లా ఉబ్బుతాయి. ఉబ్బి ఒక మీటను నొక్కుతాయి. టిక్! స్ప్రింక్లర్లకు కరెంటు తెగుతుంది. ఎండ కాసి, పక్కనున్న కంతల్లోంచి గాలి ఆడితే బిళ్లలు ఆరి చిక్కిపోతాయి. మళ్లీ టిక్! నీళ్లు వస్తాయి. ఇంతకు మించి నాకు విద్య రాదు. వచ్చిన విద్యలో మాత్రం నన్ను తప్పు పట్టినవాడు ఇంకా పుట్టలేదు.

మొదట నన్ను కొన్నది బెంగళూరులో ఒక బంగళా ఆసామి. బిగించడానికి వచ్చినవాడు నిచ్చెన ఎక్కే బద్ధకంతో నన్ను చూరు కింద బిగించాడు. చూరు కింద కూర్చున్నవాడికి వాన తగులుతుందా? జడివాన కురుస్తోంది, స్ప్రింక్లర్లు తిరుగుతున్నాయి, ఎదురింటివాళ్లు గొడుగులు పట్టుకుని మరీ వచ్చి నవ్వారు. ఆసామి నన్ను పీకి పాత సామాన్ల కొట్టుకు తోశాడు. బిగించినవాడు మాత్రం మర్యాదగా టీ తాగి వెళ్లాడు.

ఆ కొట్టులో నన్ను గుర్తుపట్టినవాడు దస్తగిరి. కదిరి దగ్గర ఒక వ్యవసాయ శిక్షణ కేంద్రంలో ఎలక్ట్రీషియన్. గ్లాసెడు నీళ్లు నా నెత్తిన పోసి, చెవి దగ్గర పెట్టుకుని ఓపిగ్గా నిలబడ్డాడు. కాసేపటికి టిక్‌మన్నాను. "బతికే ఉండావు కదరా!" అని జేబులో వేసుకున్నాడు. ఆ కేంద్రం ముందున్న ఎకరం పచ్చిక పక్కన, నిటారైన ఇనుప కంభం మీద, ఆకాశానికి ఎదురుగా నన్ను నిలబెట్టాడు.

కదిరిలో వానను కనిపెట్టే ఉద్యోగమంటే మాటలా! అక్కడ ఒకసారి చినుకు పడిందని తెలిసి పక్క ఊరివాళ్లు బండి కట్టుకుని చూడ్డానికి బయలుదేరారట. వాళ్లు వచ్చేసరికి అది ఆవిరైపోయింది. చేసేది లేక, చినుకు పడిన చోటు చూసి వెళ్లారు. అంతటి తీరికైన కొలువు నాది.

పచ్చికను చూసే మనిషి ఓబుళమ్మ. యాభై దాటిన కాంట్రాక్టు పనిమనిషి. తెల్లవారగానే వచ్చి, చీపురు పట్టకముందే కంభం కింద నిలబడి, "ఏమ్మా, యామన్నా పడిందా?" అని నన్ను పలకరించేది. ఆఫీసులో జీతం తీసుకునేవాళ్లందరిలో నన్ను మనిషిగా చూసింది ఆమె ఒక్కతే.

దసరాకు ఆయుధపూజ వచ్చింది. ట్రాక్టరుకు, మోటారుకు, టైపు మిషనుకు బొట్లు పెట్టారు. ఓబుళమ్మ నిచ్చెన వేసుకుని నాకూ వేలెడంత కుంకుమ అద్దింది. అంతటితో దిగితే బాగుండేది. సూపరింటెండెంటు చౌడప్పగారికి భక్తి పొంగింది. ఆయన స్వయంగా నిచ్చెనెక్కి నా ఒళ్లంతా చిక్కటి గంధం పట్టించి, టెంకాయ కొట్టి ఆ నీళ్లన్నీ నా నెత్తిన గుమ్మరించారు. నాకు తెలిసిన విద్య నేను చేశాను. టిక్!

గంధం ఎండి గాలి కంతలు మూసుకుపోయాయి. లోపల టెంకాయ నీళ్లు జిగురు కట్టాయి. బిళ్లలు ఆరవు, మీట వదలదు. ఇరవై రోజులు నా లెక్కలో కదిరిలో ఒకటే వాన. దస్తగిరి చెల్లెలి పెళ్లికని సెలవులో ఉన్నాడు. పచ్చిక గడ్డివాము రంగుకు తిరిగింది. ఓబుళమ్మ బిందెలతో మోసి మోసి ఒక మూల తడిపేసరికి రెండో మూల ఎండేది.

"నువ్వు నీళ్లు పెట్టకుండా నిద్రపోతున్నావు" అన్నారు చౌడప్పగారు. "సోమవారం డైరెక్టరు వస్తున్నాడు. నీ స్థానంలో వేరే మనిషిని చూసుకుంటాను."

"నీళ్లు ఇడిసేది మిషను సార్, నేను కాదు. అది ఇడవకుంటే నేనేం జేసేది?"

"మిషను అబద్ధం చెప్పదు!"

ఆ మాట నిజమే. అందుకే నాకు కడుపు మండింది.

శనివారం దస్తగిరి వచ్చాడు. గోడకున్న స్ప్రింక్లర్ల పెట్టె తెరిచి, వాన గుర్తుగా వెలిగే ఎర్ర దీపం చూసి, ఆకాశం చూసి పకపకా నవ్వాడు. "సార్, దీని లెక్కన మనము వానలో నిలబడుకోని ఉండాము." నన్ను తప్పించి నడిపే మీట ఒకటుంది, దాన్ని వేశాడు. స్ప్రింక్లర్లు బుస్సున లేచాయి. గొట్టాలు మంచివి, మోటారు మంచిది. తేడా నా దగ్గరే. నిచ్చెనెక్కి నా టోపీ తీసి గోటితో గీకి వాసన చూశాడు.

"గంధము! ఎవురు పూసిండేది?"

చౌడప్పగారు దగ్గారు. ఓబుళమ్మ కొంగు దోపుకుంది. "బొట్టు పెట్టింది నేను. గంధము పూసి టెంకాయ నీళ్లు పోసింది సారు."

"భక్తి కొద్దీ చేశాను" అన్నారాయన. "అయినా డైరెక్టరుకు ఏదో ఒకటి రాయాలి గదా. పనివాళ్ల నిర్లక్ష్యం అని..."

"రాయండి సార్. కాగితంలో నా పేరు వస్తే టెంకాయ పేరు కూడా వస్తాది."

స్ప్రింక్లర్లు ముగ్గురి మీదా సమానంగా నీళ్లు చల్లాయి. చివరికి ముగ్గురూ తలెత్తి నావైపు చూశారు. నోరు లేనివాడి మీదికి నేరం ఎలా నడిచి వస్తుందో ఆ చూపులోనే తెలిసింది.

"సెన్సర్ లోపభూయిష్టం" అని రాశారు. ఓబుళమ్మ కొలువు నిలిచింది, చౌడప్పగారి పరువూ నిలిచింది. దస్తగిరి నన్ను శుభ్రంగా కడిగి ఆరబెట్టి, కొత్తదానిలా చేసి, మెడకు "పనిచేయదు" అనే చీటీ కట్టి స్టోరు గదిలో అటక మీద పెట్టాడు. మరుసటి వారం నా స్థానంలో కొత్తవాడు వచ్చాడు. వాడికి కంభం, నాకు అటక. కోపమా? లేదు. ఒక మనిషి కూటికోసం చెప్పిన అబద్ధం మెడలో వేసుకుంటే బరువేమీ అనిపించదు.

ఆ నెలాఖరున కదిరికి నిజంగానే వాన వచ్చింది. ఓబుళమ్మ తడవకుండా స్టోరు గదిలోకి దూరింది. పైన రేకు ఎక్కడో కారుతోంది. నీళ్లు చప్పుడు లేకుండా నా నెత్తిన పడుతున్నాయి, నా కింద వేరుశనగ విత్తనాల మూటలున్నాయి. బిళ్లలు ఉబ్బాయి. టిక్! ఆమె చటుక్కున తలెత్తి కారుతున్న రేకును చూసింది. ఒక్కొక్క మూటనే పొడి మూలకు ఈడ్చి, చెమట తుడుచుకుని, నా మెడలోని చీటీని రెండు వేళ్లతో తిప్పి చూసింది.

"పనిచేయదంట! రాయించినోళ్లు వచ్చి ఈ మూటలు ఈడిస్తే తెలుస్తాది, నువ్వు పనిచేస్తావో లేదో."