బార్బా ఫ్రానె సర్దిన అర

బార్బా ఫ్రానె సంగతి చెప్పాలంటే నా తప్పు దగ్గరే మొదలుపెట్టాలి. మా విశ్వవిద్యాలయంలో ఐరోపా భాషల గ్రంథాలయం చూసేది నేను. ఇక్కడ చదివిన పుస్తకాన్ని బల్ల మీదే వదిలేయాలి, ఎవరూ అరలో పెట్టకూడదు. సాయంత్రం నేను వాటిని ఏరి, రిజిస్టరులో ఒక్కోదాని పేరు ఎదుట ఒక గీత గీసి, అప్పుడు సర్దుతాను. పుస్తకాన్ని ఎవరైనా ముట్టుకున్నారనడానికి ఆ గీతే సాక్ష్యం. ఈ మాట విద్యార్థులకు చెప్పీ చెప్పీ నా నోరు పడిపోయింది.

ఆయనకు మాత్రం చెప్పలేదు. డెబ్భై ఎనిమిదేళ్ళ మనిషి; అందుకే అందరం బార్బా, అంటే పెద్దయ్యా, అని పిలిచేవాళ్ళం. ఇస్త్రియా కొండల్లో వాళ్ళమ్మ మాట్లాడిన భాషకు నిఘంటువు రాస్తూ పదకొండేళ్ళుగా కిటికీ పక్కనే కూర్చునేవాడు. ఆ భాష గురించిన పుస్తకాలన్నీ కలిపి ఒక్క అర. వెళ్ళేటప్పుడు తానే వరస తప్పకుండా పెట్టేసేవాడు.

"మీకెందుకు శ్రమ, బార్బా?" అన్నాను ఒకసారి.

"పొద్దస్తమానం నిలబడే ఉంటావు కదే, నెవెంకా. ఈ కాస్తా నన్ను చెయ్యనీ."

నాకూ హాయిగానే ఉండేది. ఊరుకున్నాను.

ఈ జనవరిలో విశ్వవిద్యాలయం పైవాళ్ళు మా గదులు సగం లాగేసుకున్నారు. అయిదేళ్ళలో ఒక్క గీతా పడని పుస్తకాలను కాగితం మిల్లుకు పంపమన్నారు. నా బుద్ధి గడ్డితిని, గీతల లెక్క చూసి జాబితా రాసి, అవి ఏ పుస్తకాలో పట్టించుకోకుండా సంతకం పెట్టేశాను. ఆయన అప్పుడు జ్వరంతో ఇంట్లో ఉన్నాడు. లారీ వెళ్ళాక ఆ అర ఖాళీగా కనిపించింది. మిల్లుకు ఫోన్ చేస్తే అప్పటికే గుజ్జు చేసేశామన్నారు. వేరే ప్రతులు ఎక్కడా దొరకలేదు.

సోమవారం ఆయన వచ్చాడు. విషయం చెప్పాను.

"ఎవరూ చదవట్లేదని ఎవడన్నాడు? రోజూ నేను వస్తున్నానుగా."

నా మీద నాకున్న కోపం ఆయన మీదికి మళ్ళింది. "మీరు వచ్చినట్టు గీత ఏదీ? బల్ల మీద వదిలేసుంటే గీసేదాన్ని. సర్దమని ఎవరడిగారు మిమ్మల్ని?"

ఆయన మెల్లగా కూర్చున్నాడు.

"అందరూ వదిలేసి పోతుంటే బద్ధకం అనుకున్నానమ్మా," అన్నాడు. "ఎన్ని గీతలుంటే ఉంచేవాళ్ళు?"

"ఒక్కటి."

ఆ నియమం మీకు నేనే చెప్పలేదు అనడానికి నాకు ధైర్యం చాలలేదు. ఆయన మార్చిలో పోయాడు. అమ్మ భాషను తన చేతులతోనే పాడుచేశానని కూతురితో అంటూ పోయాడట.