భుజం మీద నూనె మరక

కత్తెర పట్టి పాతికేళ్లయింది, మౌసు పట్టడం ఎంతసేపు అనుకుంది అక్క. తీరా కూర్చున్నాక తెలిసింది, అదీ చచ్చే చావేనని. మొదటిరోజు జెర్సీ నంబరు కాస్తా వీడియో గేములోని ఆటగాడి పొట్టమీదికి వచ్చింది. రెండోరోజు తలకిందులైంది. పక్కవీధిలో ఫొటో స్టూడియో నడుపుతూ, తన కంప్యూటరు వాడుకోనిచ్చిన వదిన పడీపడీ నవ్వింది.

"నువ్వు కుట్టే బట్టలూ ఇంతేనా?"

"నవ్వు వదినా, నవ్వు! నా దగ్గర కొలతలిచ్చేవాళ్లు కదలకుండా నిలబడతారు. వీడు గ్రౌండంతా పరిగెడుతున్నాడాయె!"

వీడియో గేములో యూనిఫామంటే నిజానికి బల్లపరుపుగా పరిచిన బొమ్మ. ముందు భాగం, వెనక భాగం, చేతులు, కాలరు అన్నీ విడివిడిగా ఉంటాయి, కత్తిరించి టేబులు మీద పెట్టిన గుడ్డముక్కల్లాగే. ఆ బొమ్మను ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో తెరిచి, రంగులు మార్చి తిరిగి గేములో పెడితే జట్టు జట్టంతా కొత్త బట్టల్లో దిగుతుంది. ఈ సంగతి బుర్రకెక్కిన రోజు అక్కకు ప్రాణం లేచొచ్చింది. ఇది తన పనే కదా!

ఈ వయసులో ఆమెకీ తిప్పలెందుకంటారా? తమ్ముడి కోసం. అతను ఫ్యాక్టరీ ఫుట్‌బాల్ జట్టులో డిఫెండరు. చివరి మ్యాచ్‌లో మోకాలు పోయింది, ఆ ఏడే ఫ్యాక్టరీ జట్టునూ ఎత్తేసింది. మిగిలింది మెరూన్ రంగు జెర్సీ ఒక్కటే. దాన్ని అక్క కత్తిరించేసింది. కావాలని కాదు. పనుల హడావుడిలో, లాండ్రీ నుంచి వచ్చిన మూట పక్కనే పాతగుడ్డల కుప్ప ఉంటే, చూసుకోకుండా మిషను తుడుచుకునే పీలికలు చేసేసింది. వీపు మీది నంబరు కనిపించేసరికే కత్తెర దాన్ని దాటేసింది.

సరిగ్గా అప్పుడే తమ్ముడు లోపలికొచ్చి జెర్సీ ఏదని అడిగాడు. నోరు జారింది.

"లాండ్రీ నుంచి రాలేదురా."

అంతే. వాడు కుంటుకుంటూ వెళ్లి లాండ్రీ ముసలాయన్ను నలుగురి ముందూ దొంగా అని తిట్టి వచ్చాడు. అక్క తేలుకుట్టిన దొంగలా నోరు మెదపలేదు. నాలుగేళ్లయింది. ఆ వీధిలోంచి వెళ్లాల్సొస్తే ఇప్పటికీ చుట్టు తిరిగే వెళుతుంది. కనీసం గేములోనైనా వాడి జెర్సీ వాడికిచ్చేస్తే తన పాపం కొంత తీరుతుందని ఆశ. పాపాలు అలా తీరితే ఇంకేం!

"రంగు పోసెయ్, చాలు," అంది వదిన.

"గుడ్డంటే నేత కనబడాలి వదినా. లేకపోతే పెయింటేసిన గోడలా ఉంటుంది."

దర్జీ బుద్ధి ఎక్కడికి పోతుంది? ఇంటికెళ్లి, మిషను సొరుగులో దాచిన పీలిక ఒకటి తెచ్చి స్కాన్ చేయించింది. దాన్ని కాలరు నుంచి భుజం దాకా పరిచింది. స్టూడియోలోని పాత మసక మానిటరు మీద నేత ముద్దుగా కనిపించింది. ఓ మూల నల్లగా ఉన్నది ముడత నీడేలెమ్మనుకుంది.

ఆదివారం మధ్యాహ్నం తమ్ముడు అక్క జెర్సీలు మార్చి తెచ్చిన గేమును టీవీలో పెట్టాడు. ఆటగాళ్లు మెరూన్ రంగులో మైదానంలోకి వచ్చారు.

"అక్కా! మా జెర్సీయే! అదే రంగు! ఎలా చేశావే?" వాడి కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

తర్వాత గోలు పడింది. ఆటగాడు తెర నిండా దగ్గరగా కనిపించాడు.

"భుజాల మీద ఈ మరకలేంటే?"

ఆ గేము ఒకే భుజం ముక్కను అద్దంలోలా రెండు వైపులా వాడుకుంటుంది. గోల్‌కీపరు తప్ప పదిమందికీ రెండు భుజాల మీదా నల్లటి మరక. నీడా కాదు, పాడూ కాదు, మిషను నూనె. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, అక్క చెయ్యి దానంతటదే తన భుజం మీదికి వెళ్లింది.

'సాఫ్ట్‌వేర్‌లో ఏదో తేడారా' అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది. లేచివెళ్లి సొరుగులోంచి పీలిక తెచ్చి వాడి ఒళ్లో పెట్టింది.

"నేనే కోసేశానురా. లాండ్రీ ఆయన తప్పేం లేదు."

వాడు ఆ గుడ్డను వేళ్లతో సాగదీసి చూశాడు.

"జెర్సీ పోతే పోయింది. పెద్దాయన్ని పట్టుకుని దొంగన్నానే నేను! నువ్వు అంతా తెలిసీ అననిచ్చావు."

ఆమె పీలిక అందుకుని చెప్పులు వేసుకుంది. ఇద్దరూ లాండ్రీకి బయల్దేరారు.

లాండ్రీలో ముసలాయన వెనకగదిలో ఇస్త్రీ చేస్తున్నాడు. అక్క చెప్పిందంతా విని ఇస్త్రీపెట్టె నిలబెట్టాడు. పీలిక తీసుకుని వెలుతురులో పట్టి చూశాడు.

"నిజంగా మీ ఇంట్లోనే ఉందా అమ్మా?"

"అవును బాబాయ్. నన్ను క్షమించు."

"నేనే ఎక్కడో పడేశాననుకున్నాను. మతిమరుపొచ్చిందని మా అబ్బాయి నన్ను కౌంటరు దగ్గర కూర్చోనివ్వడం మానేశాడు. నిజమే కాబోలనుకుని నేనూ ఊరుకున్నాను." పీలికను ఆమెకు తిరిగిచ్చాడు. "ఒక్కసారి వాడితో చెప్తావా అమ్మా? నేను చెప్తే నమ్మడు."

ముందుగదిలో కొడుకు కూర్చున్న కౌంటరు దగ్గర బట్టలకొచ్చిన నలుగురున్నారు. వాళ్లు వెళ్లాక చెబుదామా అన్నట్టు తమ్ముడు చూశాడు. అక్క ఆగలేదు. ఆ రోజు ఆయన తిట్లు తిన్నదీ నలుగురి ముందే.