కుప్పయ్య స్నో, ధనంజయ కన్ను

మా వడమాలపేటలో మొగానికి స్నో రాసుకునేవాళ్లు తక్కువే గానీ, స్నో కాచేవాళ్లు మాత్రం ఇద్దరుండేవారు. ఆ రోజుల్లో మా వూరి ఎండ ఎట్లాంటిదంటే, కోడి పెట్టిన గుడ్డు నేలను తాకేలోపే ఉడికిపోయేది. పిల్లకాయలు జేబులో ఉప్పు పోసుకుని కోళ్ల వెనకే తిరిగేవాళ్లు. అట్లాంటి ఎండలో చల్లని స్నో అమ్ముకుని బతుకుదామనుకున్నారు కుప్పయ్య, ధనంజయ.

ఇద్దరూ మద్రాసులో ఒకే స్నో కంపెనీలో, ఒకే గుండిగ దగ్గర పని నేర్చుకున్నవాళ్లు. వూరికి తిరిగొచ్చి పక్కపక్క వీధుల్లో పొయ్యిలు పెట్టుకున్నారు. ఆనాటి నుంచీ ఒకరి పొయ్యిలో పొగ లేస్తే ఇంకొకరి కళ్లు మండేవి.

స్నో కాచడం బ్రహ్మవిద్యేమీ కాదు. అయిదో తరగతితో ఆగిపోయిన నాకే, కుప్పయ్య పక్కింట్లో ఉన్న పుణ్యాన, తెలిసివచ్చింది. మైనం పలుకుల్లా తెల్లగా ఉండే స్టీరిక్ యాసిడ్‌ను ఒక గిన్నెలో కరిగించాలి. ఇంకో గిన్నెలో నీళ్లు, గ్లిసరిన్, కాసింత కాస్టిక్ పొటాష్ వేడి చేయాలి. రెండూ ఒకే వేడికి వచ్చాక గుండిగలో కలిపి, చల్లారేదాకా తెడ్డు ఆపకుండా తిప్పాలి. జిడ్డుకూ నీళ్లకూ ఎప్పుడూ పొసగదు. అందుకే పొటాష్ వేసేది, అది స్టీరిక్ యాసిడ్‌లో కొంత భాగాన్ని సబ్బుగా మారుస్తుంది. ఆ సబ్బు ఒక చేత్తో జిడ్డును, ఒక చేత్తో నీళ్లను పట్టుకుని మధ్యలో నిలబడుతుంది. అది చెయ్యి వదలనంత కాలం స్నో వెన్నలా ఉంటుంది.

ధనంజయ స్నో అట్లాగే ఉండేది. కుప్పయ్య స్నో మాత్రం సీసాలోకి ఎక్కిన కొద్దిరోజులకే విరిగిన పాలలా పలుకులు కట్టి, నీళ్లు విడిచేది.

ఇంతలో తిరుపతిలో ఫ్యాన్సీ షాపు నడిపే నారాయణ ఒక మాట చెప్పి పంపాడు. పెళ్లిళ్ల కాలానికి ఒక్కరి స్నో మాత్రమే అమ్ముతాడట. ఇద్దరి సీసాలనూ ఎండ పడే అద్దాల బీరువాలో పెడతాడట. ఏది విరగకుండా నిలిస్తే దానికే షాపు. ఓడినవాడు పొయ్యి ఆర్పుకోవలసిందేనని ఇద్దరికీ తెలుసు.

కుప్పయ్యకు నిద్ర పట్టలేదు. "అదే సరుకు, అదే కొలత, అదే తెడ్డు. ఆయప్పది నిలస్తాది, నాది విరగతాది. ఇది సరుకు తప్పు కాదు మామా, ఆయప్ప కన్ను" అన్నాడు నాతో.

"కన్నుకు మందేమప్పా?" అన్నాను.

"నిమ్మకాయ ఉండాది గదా."

దిష్టికి నిమ్మకాయ తిప్పి, కోసి, కుంకుమ అద్ది వీధిలో పారేయడం అందరూ చేసేదే. కుప్పయ్యది సొంత తెలివి. బయట పారేస్తే బయటి దిష్టి పోతుంది, మరి లోపలి దిష్టి సంగతేమిటని, గుండిగ చుట్టూ తిప్పిన కాయను పొయ్యి పెట్టిన నాటి నుంచీ గుండిగలోకే పిండేవాడు. స్నో విరిగేది. దిష్టి బలంగా ఉందనుకుని మరుసారి ఇంకొన్ని పిండేవాడు. అది ఇంకా త్వరగా విరిగేది. ఆ ఏడు మా వూళ్లో పచ్చడికి నిమ్మకాయ దొరకక సంబంధాలు తప్పిపోయాయంటే నమ్మండి.

చివరికి ఒకనాడు కుప్పయ్య ధనంజయ వీధికి వెళ్లి నిలదీశాడు. "నా పొయ్యి మీద కన్నేసేది నువ్వేనంట గదప్పా."

ధనంజయ నవ్వాడు. "నీ పొయ్యి ఎట్లుంటాదో కూడా నాకు తెలీదు గదబ్బా. పిలిస్తే వచ్చి సూస్తా."

"రా. ఎదురుగా కూసోని సూడు. నీ ముందరే దిష్టి తీస్తా."

వచ్చి అరుగు మీది పొయ్యికి ఎదురుగా కూర్చున్నాడు. నేనూ అరుగెక్కాను. కుప్పయ్య భార్య చంద్రకాంతమ్మ గడపలో కూర్చుని ఉల్లిపాయలు తరుగుతోంది. కుప్పయ్య రెండు గిన్నెలూ కలిపి తెడ్డు తిప్పాడు. స్నో చిక్కబడి, నిగనిగలాడుతూ మల్లెపువ్వు రంగుకు వచ్చింది. ధనంజయ మొగం చూడాలి, ఎండుమిరపకాయ నమిలినట్టయింది. కుప్పయ్య సంతోషంగా నిమ్మకాయలు తెచ్చి, తిప్పి, కోసి, గుండిగలోకి పిండాడు. ధనంజయ కాఫీ అడిగి తాగి, కుప్పయ్య భుజం తట్టి, కూనిరాగం తీస్తూ వెళ్లిపోయాడు.

అతను వీధి మలుపు తిరగ్గానే చంద్రకాంతమ్మ కత్తి పక్కన పెట్టింది. "ఏమయ్యా, ఇంగ నిమ్మకాయ పిండద్దు."

"ఎందుకు?"

"నువ్వు తెడ్డు తిప్పేటప్పుడు ఆయప్ప మొగం మాడిపాయ. నిమ్మకాయ పిండేతలికి విచ్చుకునె. నీకు మేలు జరిగితే ఆయప్ప అట్ల నవ్వతాడా?"

కుప్పయ్య ఒప్పుకోలేదు. ఆమె ఊరుకోలేదు. మరునాడు కాచిన స్నోను రెండు బేసిన్లలో పోయించింది. ఒక దాంట్లో నిమ్మకాయ, రెండో దాంట్లో ఏమీ లేదు. తెల్లారేసరికి నిమ్మకాయ బేసిన్ నీళ్లు విడిచింది. రెండోది వెన్నముద్దలా ఉంది. పులుపు వెళ్లి సబ్బులోని పొటాష్‌ను లాగేసుకుంటుంది. సబ్బు మళ్లీ ఉత్త జిడ్డయిపోతుంది. మధ్యలో పట్టుకునే చేతులు లేకపోతే నీళ్ల దారి నీళ్లది. మద్రాసు కంపెనీలో గుండిగ దగ్గరికి పులుపు రానిచ్చేవారు కాదని కుప్పయ్యకు అప్పుడు జ్ఞాపకం వచ్చింది. పైవాళ్లకు పులుపు పడదేమోనని అప్పట్లో అనుకున్నాడట.

నారాయణ బీరువాలో కుప్పయ్య సీసా ఎండకు చెక్కుచెదరలేదు. ధనంజయదీ చెదరలేదు గానీ, రంగు కాస్త పసుపు తిరిగింది. తెడ్డు పట్టడంలో కుప్పయ్యే మొదటి నుంచీ మొనగాడు, అందుకే కదా అవతలివాడి మొగం మాడింది. షాపు కుప్పయ్యకు దక్కింది.

ఆ సాయంత్రం మిఠాయి పట్టుకుని వాళ్లింటికి వెళ్లాను. గెలిచినవాడు దిగులుగా ఉన్నాడు.

"ఆయప్ప మొగాన్ని అంతసేపు ఎందుకు సూసినావు?" అని భార్యను అడుగుతున్నాడు.

"నీ స్నో కోసరమే."

"స్నో గుండిగలో ఉండె గదా. మొగం ఆడ యాడనో ఉండె."

"నువ్వు గుండిగ సూస్తాంటివి. ఎవరో ఒకరు మొగం సూడొద్దా?"

"మాడిందీ సూసినావు, విచ్చుకునిందీ సూసినావు. నా మొగం మాడితే ఎప్పుడైనా సూసినావా?"

"అది విచ్చుకున్న దినముంటే గదా తేడా తెలిసేది" అంది చంద్రకాంతమ్మ. నాకో లడ్డు ఇచ్చి లోపలికి పోయింది.

మరుసటి వారమే కుప్పయ్య అరుగు మీద, వీధికి అడ్డంగా, నిలువెత్తు తడిక కట్టించాడు. ధనంజయ కన్ను లోపల పడకుండా కట్టించాడని వూరంతా చెప్పుకుంది. నేను కాదనలేదు గానీ, ఆ తడిక గుండిగ ముందర లేదు, చంద్రకాంతమ్మ కూర్చునే గడప ముందర ఉంది.