కొబ్బరితోటలో సిలువలు

సర్వే వాళ్లు మా తోటలో రాయి పాతిన రోజున నేను పెట్టిన కేకలకి పక్క తోటలో గొర్రెలు బెదిరిపోయాయి. పెట్టనా మరి? గంటకి మూడు వందల కిలోమీటర్లు పరిగెత్తే రైలట. అది పరిగెత్తడానికి మా అత్తగారు తన చేత్తో నీళ్లు పోసి పెంచిన కొబ్బరితోటే దొరికిందా? మా ఆయన చంద్రరావు మాత్రం తలపాగా తీసి, మళ్లీ చుట్టుకుని, “గవర్నమెంటు పనే పాపాయీ, మనమేం చేస్తాం” అన్నాడు. ఈ మనిషికి కోపం ఎప్పుడు వస్తుందో ఆ దేవుడికే తెలియాలి.

మాజీ సర్పంచి దొరబాబు దగ్గరికి నేనే వెళ్లాను. కాఫీ ఇచ్చి, గొంతు తగ్గించి చెప్పాడు.

“లైను ముందు ఇటు కాదండి. అవతల పెద్దవాళ్ల వెంచర్లు ఉన్నాయి కదండీ, అవి తప్పించడానికి ఇటు జరిపారు. ఆయ్.”

“మరి మా తోట తప్పించడానికి ఇంకోవైపు జరపరా?”

“మీకు వెంచరు లేదు కదండీ. గుడి గానీ, సమాధుల దొడ్డి గానీ ఉంటే మాత్రం కొంచెం ఆలోచిస్తారంట. లేపితే గొడవలవుతాయని వాళ్లకి భయమండి.”

ఆ మాట నా బుర్రలో అలా ఉండిపోయింది.

వానాకాలంలో అప్పారావు పోయాడు. మా తోటలో చెట్లెక్కి కాయల దింపు తీసేవాడు. మా ఇంట్లో, పొలంలో పనిచేసే దేవకుమారి భర్త. దేవకుమారి నా పెళ్లయిన ఏడాది నుంచీ నాతో ఉంది. నా పిల్లలకి నాకంటే ఎక్కువ సార్లు నీళ్లు పోసింది. ఆమె ఉండే పేటలో వాళ్లంతా లూథరన్ చర్చి వాళ్లు, పాతిపెట్టుకుంటారు. వాళ్లకున్న చోటల్లా కాలవ గట్టు కింద కాస్త నేల. ఆ రోజు అక్కడ మోకాలి లోతు నీళ్లు. శవాన్ని ఇంట్లో పెట్టుకుని, నీళ్లు ఎప్పుడు తీస్తాయా అని చూస్తూ కూర్చుంది దేవకుమారి.

“మా తోట మూల మెరక కదే. అక్కడ పెట్టుకోండి” అన్నాను.

ఆమె నా కాళ్లు చుట్టేసుకుని ఏడ్చింది. పేట పేటంతా నాకు దణ్ణాలు పెట్టింది. జాలి లేదని అబద్ధమాడను, ఉంది. కానీ ఆ మాట నోట్లోంచి వచ్చేముందు నా కళ్లముందు ఆడింది అప్పారావు మొహం కాదు, ఎర్రరంగు పూసిన సర్వే రాయి. ఛీ, ఏం మనిషిని నేను!

అంతటితో ఆగితే బాగుండేది. ఒక్క సమాధిని చూసి లైను ఆపరని దొరబాబు పెదవి విరిచాడు. ఇంకేముంది, మా ఆయన చేత పక్కనే వరసగా దిబ్బలు పోయించాను. సున్నం కొట్టించాను. కొబ్బరి మట్టలు చెక్కించి సిలువలు గుచ్చించాను. “పాపమేమోనే” అని నసిగాడు. “మీరు నోర్మూసుకుని తవ్వండి” అన్నాను. మర్నాడు వెళ్లి చూద్దును కదా, ప్రతి సిలువకీ పసుపు రాసి కుంకుమబొట్టు పెట్టి ఉంది! ఒక్కో దిబ్బ ముందూ కొబ్బరికాయ కూడా కొట్టాడు మహానుభావుడు.

“ఇదేంటండీ మీ తెలివి తెల్లారినట్టే ఉంది! కిరస్తానం వాళ్లు బొట్లు పెడతారా?”

“ఎవరూ లేని సమాధి కదే. దణ్ణం పెట్టుకోకపోతే మన ఇంట్లోంచే ఎవరినైనా అడుగుతుందేమోనని భయమేసింది” అన్నాడు. నాకూ ఒళ్లు జలదరించింది.

ఆ బొట్లు తుడుద్దామని నీళ్లు తెచ్చేసరికే దేవకుమారి అక్కడుంది. తన కొంగుతో ఒక్కో సిలువా మెల్లగా తుడుస్తోంది.

“అయ్యగారికి తెలీక పెట్టి ఉంటారండి, ఏమనకండి” అంది. తర్వాత దిబ్బలన్నీ ఒకసారి చూసి, “మావోళ్ల కోసం ముందే చోట్లు చేయించారా అమ్మగారూ?” అని అడిగింది.

“ఊఁ” అన్నాను.

ఆదివారం చర్చి మైకులో పాస్టరు విజయ్ పాల్ గారు నా పేరు చెప్పి ప్రార్థన చేశారు. పొయ్యి దగ్గర కూర్చుని అంతా విన్నాను. ఆ పూట అన్నం సయించలేదు. సమాధుల పండగకి పేటవాళ్లు పూలు, కొవ్వొత్తులు పట్టుకుని వచ్చారు. అప్పారావు సమాధి మీద వెలిగించాక, ఉత్త దిబ్బలు బోసిగా ఉన్నాయని వాటి మీద కూడా వెలిగించారు. ఆ వారంలోనే ఆఫీసర్లు మళ్లీ వచ్చారు. డ్రోను ఎగరేశారు, ఫొటోలు తీసుకున్నారు. మా రాయి పీక్కుపోయారు.

ఆ రోజు పాయసం వండాను, సిగ్గు లేకుండా.

కొత్త రాళ్లు పేటలో పడ్డాయి. దేవకుమారి ఇంటి గోడ మీద ఎర్రరంగుతో గీత గీసి నంబరు వేశారు. అప్పారావూ ఆమే కూలికి పోగా మిగిలిన పూటల్లో మట్టి మోసి కట్టుకున్న ఇల్లది. లైను ఎక్కడికి జరుగుతుందో నేను ఆలోచించనే లేదు. ఎక్కడికో పోతుంది, మన తోట తప్పితే చాలనుకున్నాను. రేపు గ్రామసభ, అభ్యంతరాలుంటే చెప్పుకోమని దండోరా వేశాక ఇక నిలవలేకపోయాను. మధ్యాహ్నం పేటకి నడిచాను.

దేవకుమారి బియ్యం చెరుగుతోంది. నన్ను చూసి గబగబా పీట వేసింది. నేను కూర్చోలేదు.

“ఆ దిబ్బలు మీకోసం చేయించినవి కావే. రైలు మా తోటలోకి రాకుండా చేయించాను. అప్పారావుని అక్కడ పెట్టమన్నది కూడా అందుకే.”

ఆమె చేతిలో చేట ఆగిపోయింది.

“అంతా అందుకేనాండి?”

“జాలి కూడా ఉంది. ఎంత ఉందో మాత్రం నన్నడక్కు.” పీట పక్కకి జరిపాను. “రేపు సభలో చెప్పేస్తాను దేవకుమారీ. అవి దొంగ సమాధులని చెప్తాను. లైను మళ్లీ మా మీదకి వస్తుంది, నీ ఇల్లు నిలుస్తుంది.”

“మరి ఆయనో?”

ఆమె చేట కింద పెట్టింది.

“ఆయన్ని లేపేస్తారాండి?”

“ఒక్క సమాధికి లైను ఆపరంట” అన్నాను.

ఆమె గోడ మీద ఎర్రగీత వంక చూసింది, తర్వాత బియ్యం వంక చూసింది. తిట్టినా బాగుండునని నిలబడ్డాను.

“చెప్పకండి” అంది చివరికి. “ఇల్లు పోతే ఎవరి పంచనో పడుంటాను. నీళ్లలో పెట్టకుండా మంచి నేలలో పెట్టుకున్నాను, మళ్లీ ఆయన్ని తవ్వితే నేను చూడలేను. అలాగని మీ మీద కోపం లేదనుకోకండి. ఉందండి. రేపట్నుంచి నేను పనికి రాను.”

నేను ఏడవాలి కదా? ఆమె కాళ్లమీద పడాలి కదా? కానీ “చెప్పకండి” అన్న మాట చెవిన పడగానే నా గుండెలోంచి హమ్మయ్య అని ఊపిరి వచ్చేసింది. తోట ఉంది, అనుకున్నాను. ముందు అదే అనుకున్నాను. ఆపుకుందామన్నా ఆగలేదు. మనిషి మొహం చూసి మనసు చదవడానికి దేవకుమారికి ఎంతసేపు, ఇన్నేళ్లు నాతోనే ఉన్న మనిషి.

“వెళ్లండమ్మగారూ” అంది, నా మొహం నుంచి చూపు తిప్పేసుకుని. “అయ్యగారు ఎదురుచూస్తా ఉంటారు. తోట ఉందని చెప్పండి.”

వెళ్లాను. గుమ్మంలో కూర్చుని ఉన్న మా ఆయనకి అదే మాట చెప్పాను.