కెప్టెన్ గారి తాళంచెవి

ఆఫ్రికా బానిసల మీద నాటకం రాసిన తెలుగువాళ్లు ఈ బెంగళూరులో ఎందరున్నారో తెలియదు గానీ, ఒకడు మాత్రం గ్యారంటీగా ఉన్నాడు. ఆ మహానుభావుణ్ణి నేనే. పేరు చంద్రశేఖర్. మదనపల్లెలో సివిల్ డిప్లొమా చదివి, వర్తూరు రోడ్డులో లేస్తున్న ఒక అపార్ట్‌మెంటుకు సైట్ సూపర్‌వైజర్‌గా వచ్చి పడ్డవాణ్ణి. ఇది రెండువేల మూడో సంవత్సరం సంగతి. నా లోపల ఒక గొప్ప రచయిత నిద్రపోతున్నాడని అప్పట్లో నాకు గట్టి నమ్మకం. మా ఆవిడ శైలజ మాత్రం, "నిద్రపోతా ఉంటే పోనీ, పాపం ఎందుకు లేపేది?" అనేది.

లేపింది హూడిలోని తెలుగు సంఘం. వార్షికోత్సవానికి నాటకం కావాలన్నారు. సరిగ్గా ఆ వారమే అవెన్యూ రోడ్డు ఫుట్‌పాత్ మీద ఆఫ్రికా చరిత్ర పుస్తకం ఒకటి, అట్ట చిరిగిపోయింది, నా చేతికి చిక్కింది. చదువుతుంటే కడుపు మండిపోయింది. పడమటి తీరంలో కోటలు కట్టి, పట్టి తెచ్చిన మనుషులను చీకటి కొట్లలో కుక్కి, ఓడ రాగానే గొలుసులేసి అడుగు అరల్లో పడుకోబెట్టి సముద్రం దాటించారట. సంకెళ్లు ఎక్కువగా మగవాళ్లకు. ఆడవాళ్లు ఏం చేయగలరులే అని చాలా ఓడల్లో వాళ్లను పైన విడిగా వదిలేవారట. ఆ ఆడవాళ్లే పనిముట్లు, ఆయుధాలు కాజేసి కిందికి అందిస్తే తిరుగుబాట్లు లేచాయట. నేను కుర్చీలోంచి లేచి "అదీ దెబ్బంటే!" అని అరిచాను. వంటింట్లోంచి శైలజ "పాలు పొంగిపోయినాయా?" అని అడిగింది.

నా నాటకంలో ఒక ఆఫ్రికా స్త్రీ, తాగి పడుకున్న ఓడ కెప్టెన్ నడుముకున్న తాళంచెవి లాగేసి, గొలుసుల్లో ఉన్నవాళ్లను విడిపిస్తుంది. రాసి నాకు నేనే చదివి వినిపించుకుని కళ్లు తుడుచుకున్నాను. సంఘంలో అందరూ సాఫ్ట్‌వేర్ వాళ్లు. తిరుగుబాటు నాయకుడి వేషం నాకంటే నాకని ఎగబడ్డారు. నాయకుడు గోనెపట్టా కట్టుకుని మొదటి అంకమంతా నేలమీద పడి ఉండాలనేసరికి ఒక్కొక్కరికీ ఆఫీసులో అర్జెంటు పనులు తగిలాయి. కెప్టెన్ వేషం మాత్రం నేనెవరికీ ఇవ్వలేదు. పెద్ద డైలాగులన్నీ వాడివే మరి, రాసినవాడికి ఆ మాత్రం స్వార్థం ఉండదా?

ఇక బానిసలు ఎక్కడ దొరుకుతారా అని తలపట్టుకుని సైట్లో కూర్చుంటే, ఎదురుగా ఇసుక తట్టలు మోస్తూ కనిపించారు. అందరూ మన సీమవాళ్లే, కదిరి వైపు నుంచి వచ్చినవాళ్లు. సైట్ వెనకాల రేకుల షెడ్లలో కాపురం. షెడ్ల చుట్టూ ఎత్తైన రేకుల గోడ, దానికొక ఇనుప గేటు. పొద్దు గూకగానే అందరినీ లెక్కపెట్టి లోపలికి పంపి, గేటుకు గొలుసు చుట్టి తాళం వేయాలి. అది మా ఓనరు చేతన్ ఆర్డరు. స్టీలు పోతోందని ఆయన పైకి చెప్పేది. అడ్వాన్సు తీసుకున్న కూలీలు రాత్రికి రాత్రి ఊరికి పోతారని అసలు భయం. ఆ తాళంచెవి నా నడుముకు కట్టుకుని, రోజూ దానితో పాటే కాడుగోడిలోని నా ఇంటికి వెళ్లిపోయేవాణ్ణి.

ఈపాటికి మీరు నవ్వుతూ ఉంటారు. నవ్వండి, నాకేం బాధ లేదు. నాకు మాత్రం అప్పుడు ఏమీ తట్టలేదు, ఒట్టు. గురివింద గింజకు తన కింది నలుపు తెలియదంటారు. నేను ఆ గింజను నడుముకు కట్టుకుని తిరిగాను.

నాటకంలో ఆ స్త్రీ వేషం ఓబులమ్మకు ఇచ్చాను. నలభై దాటిన మనిషి, గొంతెత్తి పిలిస్తే మూడో అంతస్తుకు వినబడుతుంది. నాయకుడి వేషం ఆమె తమ్ముడు గంగన్నది. ఓబులమ్మ కూతురు సంధ్య నిండు చూలాలు, షెడ్డులోనే ఉండేది. వేషం సంగతి చెప్పగానే ఓబులమ్మ నన్ను పక్కకు పిలిచింది.

"ఏస్తాము సారూ, మీరు అడిగితే కాదంటామా? కానీ మాదొక మాట. బిడ్డకు నెలలు నిండినాయి. నొప్పులు ఎప్పుడొస్తాయో ఏమో. కానుపు అయ్యేదాకా గేటుకు బీగం ఎయ్యొద్దండి. పోయిన నెల చిన్నోనికి తేలు కుడితే తెల్లారేదాకా అరిసినాము గదా, వాచ్‌మన్ దగ్గిర యాడుండాది చెవి?"

"ఓనరుకు చెప్తాలే ఓబులమ్మా," అన్నాను. చెప్పలేదు. ఓనరు ముందు నిలబడితే నా నోట్లోంచి "అట్లే సార్" తప్ప ఇంకో మాట రాదు. పెళ్లిలో తాళి కట్టేటప్పుడు కూడా నేను అంత వినయంగా లేను.

రిహార్సల్స్ షెడ్ల ముందర పెట్టాను. మొదటి రోజు ఒక డబ్బాలో నల్లరంగు పట్టుకెళ్లాను. గంగన్న డబ్బా వైపు చూశాడు, తన చేతి వైపు చూసుకున్నాడు. "ఎందుకు సారూ దండగ? ఎండ పూసినేది చాలదా?" అన్నాడు. అందరూ పగలబడి నవ్వారు. డబ్బా మూసేశాను. ఆస్తి లేని సంఘం కాబట్టి ఆర్ట్ డైరెక్టరు కూడా నేనే. గేటు గొలుసు, గేటు తాళంకప్పే నాటకానికీ వాడాను. నిజం తాళం అట్టముక్క చెవితో తెరుచుకోదు కనుక నిజం చెవే కట్టుకున్నాను. రియలిజం అంటే మాటలా!

రెండు వారాలు ఓబులమ్మకు దొంగతనం నేర్పాను. పిల్లిలా రావాలి, కెప్టెన్ గురక వినాలి, ముడి ఎడమ చేత్తో లాగాలి. ఆమె చక్కగానే చేసేది, కానీ నాకు తృప్తి ఉండేది కాదు.

"ఫీలింగు చాల్లేదు ఓబులమ్మా! నీ చెయ్యి వణకాలి. ఆ తాళంచెవి మీద నీవాళ్ల ప్రాణాలు ఆధారపడి ఉన్నాయి. అది నీకు తెలియాలి!"

"తెలుసు సారూ," అంది ఆమె. "ఓనరుకు చెప్పినారా, గేటు సంగతి?"

"ముందు డైలాగు చెప్పమ్మా. మధ్యలో ఇవన్నీ తేవొద్దు, మూడ్ పోతుంది."

మూడోసారి కూడా అడిగింది. మూడోసారి కూడా ఫీలింగు గురించే ఉపన్యాసం ఇచ్చాను. చెప్పేవి శ్రీరంగనీతులు అన్నట్టు, బానిసల బాధ బానిసలకే వివరించే తెలివి భగవంతుడు నాకు ఎక్కువే ఇచ్చాడు.

నాటకం ఆదివారం మధ్యాహ్నం. కూలీలను ట్రాక్టరులో హూడికి తెచ్చారు. ట్రాక్టరు ఇచ్చిన పుణ్యానికి చేతన్ ముఖ్య అతిథి, ముందు వరుసలో కూర్చున్నాడు. మొదటి అంకంలో నేను కొరడా ఝళిపించి కెప్టెన్ డైలాగులు దంచేశాను. రెండో అంకంలో తాగి పడిపోయి గురక మొదలుపెట్టాను. ఓబులమ్మ వచ్చింది. నడుము దగ్గర ఆమె చెయ్యి తగిలింది. వణుకుతోంది. నిజంగా వణుకుతోంది. కళ్లు మూసుకునే మురిసిపోయాను, హమ్మయ్య, ఇన్నాళ్లకు వచ్చింది ఫీలింగు అని.

తాళం తెరుచుకోగానే గంగన్న స్వేచ్ఛ మీద ఒక పేజీ డైలాగు చెప్పాలి. నేను రాత్రుళ్లు మేలుకుని రాసిన పేజీ అది. వాడు గొలుసు చేత్తో పట్టుకుని, "లెయ్ అక్కా, పోదాం" అన్నాడు, అంతే. హాలంతా చప్పట్లు. నా పేజీ గంగలో కలిసింది. తర్వాత వాళ్లు నన్ను కట్టేసి నోటికి తువ్వాలు ఎంత గట్టిగా బిగించారంటే, కెప్టెన్ పశ్చాత్తాపం డైలాగు కూడా లోపలే ఉండిపోయింది.

తెర పడ్డాక చేతన్ లోపలికి వచ్చాడు. వర్తూరులో పుట్టి పెరిగిన మనిషి, తెలుగూ కన్నడా కలిపి మాట్లాడతాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"ఏన్రీ చంద్రశేఖర్, కండ్లలో నీళ్లు తెప్పిస్తివి కదప్పా! ఛే ఛే, మనుషుల్ని అట్ల బీగం వేసి పెట్టేదా? ఎంత పాపిష్టి జనం రీ వాళ్లు!" అన్నాడు. చేతిరుమాలుతో ముక్కు తుడుచుకున్నాడు. "సరే, పొద్దు గూకుతా ఉండాది. వీళ్లను లెక్క చూసి లోపల వేసి బీగం వేసేయ్, బేగ. నేనూ వెనకాలే వస్తా."

"అట్లే సార్," అన్నాను. అన్నాక నా గొంతు నాకే వినబడింది. ఇందాక స్టేజీ మీద కెప్టెన్ గొంతు కూడా ఇదే కదా అనిపించింది.

గేటు దగ్గర ట్రాక్టరు దిగి అందరూ లోపలికి వెళ్లారు. వెనక చేతన్ కారు ఆగి ఉంది. గొలుసు చుట్టి నడుము తడుముకున్నాను. చెవి లేదు. గేటుకు అవతల ఓబులమ్మ నిలబడి ఉంది, పక్కన సంధ్య నడుము పట్టుకుని.

"ఓబులమ్మా, తాళంచెవి ఏది?" అన్నాను మెల్లగా.

"మీరు నేర్పినట్టే తీసుకుంటి గదా సారూ."

"అయితే ఇవ్వు."

"తీసుకునేది నాటకంలో ఉండాది. తిరిగిచ్చేది యాడుండాది సారూ? మీరు రాయలేదే."

ఆమె నవ్వలేదు. నాకు మొదట కోపం వచ్చింది. తర్వాత సంధ్య ముఖం చూశాను, సిగ్గేసింది, చచ్చేంత సిగ్గేసింది. ఇంతలో కారు హారన్ మోగింది. అప్పుడు భయం వచ్చి ఆ సిగ్గును పక్కకు నెట్టేసింది. ఈమె దగ్గరుందని చెబితే రేపే వీళ్లు రోడ్డున పడతారు, గేటుకు కొత్త తాళం వస్తుంది. పోయిందని చెబితే నేను రోడ్డున పడతాను. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

అది నొక్కితే పడే తాళం, వేయడానికి చెవితో పని లేదు. టక్కున నొక్కాను. జేబులోంచి మా ఇంటి తాళంచెవి తీసి, ఓనరుకు వినబడేలా గలగలలాడించి నడుముకు కట్టుకున్నాను. "ఆయెనా?" అన్నాడు చేతన్. "ఆయె సార్," అన్నాను. కారు వెళ్లిపోయింది. ఇది ధైర్యమని మీరు పొరపాటు పడతారేమో, కాదు. నా విప్లవ నాటకం తీయలేని తాళాన్ని నా పిరికితనం తీసింది.

ఆ వారంలోనే ఒక పొద్దున సైట్‌కు వెళ్లేసరికి గేటు తీసే ఉంది. ఓబులమ్మ కళ్లు ఉబ్బి ఉన్నాయి, ముఖం మాత్రం వెలిగిపోతోంది.

"ఆడబిడ్డ సారూ. రేత్రి నొప్పులొచ్చినాయి. గంగన్న కమ్మీల సందులో చెయ్యి పెట్టి బీగం తీసి ఆటో పట్టుకొచ్చినాడు. బిడ్డ అడ్డం తిరిగిందంట. ఇంగ రోంత ఆలిస్యమైంటే ఇద్దరూ దక్కేటోళ్లు కాదంట, డాక్టరమ్మ చెప్పింది."

సిమెంటు బస్తా మీద కూలబడ్డాను. ఆ చెవి నా నడుముకే ఉండి ఉంటే, నేను కాడుగోడిలో గురక పెడుతూ ఉండేవాణ్ణి, నాటకంలో లాగా కాదు, నిజంగా. ఏడుపొచ్చింది. అందరూ చూస్తున్నా ఆపుకోలేదు. ఓబులమ్మ చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చింది.

ఆ సాయంత్రం చేతన్ రౌండ్‌కు వచ్చాడు. నేను అందరినీ లెక్కపెట్టి లోపలికి పంపాను. గొలుసు లాగాను, తాళం నొక్కాను, మా ఇంటి చెవి గలగలలాడించాను. "ఎవరైనా బయటికి అడుగు పెట్టినారో, జాగ్రత్త!" అని గద్దించాను కూడా. ఓనరు తృప్తిగా తల ఊపి వెళ్లిపోయాడు.

గేటు కమ్మీల వెనక ఓబులమ్మ నిలబడి ఉంది. కొంగు చివర ముడిలో ఆ చెవి ఆకారం కనబడుతూనే ఉంది.

"సారూ," అంది.

"ఏమిటి?"

"ఫీలింగు చాల్లేదు. రేపు ఇంగొంచెం గట్టిగా అరవండి."