రెండు రింగులు, ఒక బోన్జూర్

అవ్వ ఎక్కిన బస్సు నన్ను వదిలి వెళ్ళిపోయినప్పుడు ఆమె టిఫిన్ డబ్బా నా సంచిలోనే ఉంది. అవ్వకు షుగరు. పొద్దున మాత్ర వేసుకుంది. మాత్ర వేసుకుని వేళకు తినకపోతే చేతులు వణుకుతాయి, చెమట పడుతుంది. పోయిన సంవత్సరం అట్లాగే దారం తీసే చరక ముందు పడిపోయింది.

ఫ్రాన్సులో బస్సు ఎక్కేవాళ్ళు తోసుకోరు. వరసగా నిలబడతారు. అవ్వ ఎక్కేసింది. నా వెనక ఉన్నాయన నన్ను ఎక్కమని చెయ్యి చూపించాడు. పెద్దాయన, ఆయన కంటే ముందు ఎట్లా ఎక్కేది అని పక్కకు జరిగాను. ఆయన వెనక ఇంకొకామె, ఆమె వెనక ఇంకొకరు. అందరూ ఎక్కాక తలుపు మూసుకుంది. చింతామణి బస్టాండులో అయితే ఎవరో ఒకరు బస్సును చేత్తో బాది "ఆపప్పా, పాప ఉండాది!" అని అరిచేవారు. ఇక్కడ ఎవరూ అరవలేదు. నేనూ అరవలేదు.

మాది చింతామణి వైపు, జంగమకోటె పక్కన పల్లె. మా అవ్వ అక్కయమ్మ చరక మీద పట్టు తీస్తుంది. లియోన్ అనే ఊళ్ళో పట్టుపని వాళ్ళ మేళా ఒకటి పెట్టి, వేడినీళ్ళలో పట్టుగూళ్ళు వేసి దారం తీయడం చూపించమని అవ్వను పిలిపించారు. తోడుగా నన్ను పంపారు. నాకు ఇంగ్లిష్ వచ్చని ఇంట్లో అందరి నమ్మకం. చదవడం వస్తుంది. మాట్లాడటం తెలుగులోనే అంతంత మాత్రం.

మమ్మల్ని తీసుకెళ్ళిన హేమావతి మేడం బాగేపల్లి ఆమె. విమానంలోనే చెప్పింది.

"చూడండమ్మా, ఆడ అంగట్లోకి పోతే మొదట మనమే బోన్జూర్ అనల్ల. బస్సెక్కినా అంతే. అది అనకుండా ఏం అడిగినా వాళ్ళకి మర్యాద తప్పినట్ల."

అవ్వ నవ్వింది. "మన నంజప్ప అంగట్లో బెల్లం తెచ్చేదానికి దండం పెట్టి పోతామా ఏమి?"

కానీ ఆ మాటను ముందు పట్టుకున్నది అవ్వే. బస్సు డ్రైవరుకు "బోన్జూర్ అప్పా", హోటల్ గది ఊడ్చే ఆమెకు "బోన్జూర్ అమ్మా". కుక్కను నడిపించుకొని వచ్చే ముసలాయనకు ఒకటి, ఆ కుక్కకు ఇంకొకటి. అందరూ నవ్వి తిరిగి చెప్పేవారు. నేను ఆమె వెనక నిలబడేదాన్ని. ఇద్దరి తరఫునా ఆమె చెప్పేసినట్టే అనుకునేదాన్ని.

ఫోను సంగతీ అంతే. మేడం అక్కడి సిమ్ము పని చూపించేవాళ్ళకు మాత్రమే కొనిచ్చింది. తోడు వచ్చినవాళ్ళకు లేదు. అవ్వ ఫోనులో హాట్‌స్పాట్ పెట్టి, ఆ నెట్‌తోనే నేను అమ్మకు ఫొటోలు పంపేదాన్ని. ఎప్పుడూ పక్కనే ఉంటాను కదా అనుకున్నాను. బస్సు మలుపు తిరగగానే నా ఫోనులో నెట్ గుర్తు పోయింది.

నేను కదలకుండా అక్కడే నిలబడ్డాను. అది చింతామణి సంతలో అవ్వ నేర్పిన మాట. "తప్పిపోతే ఉన్నచోటే ఉండు, నేనే వచ్చి ఎతుక్కుంటా" అనేది. బస్సు తర్వాత బస్సు వచ్చింది. ఎందులోంచీ అవ్వ దిగలేదు. అప్పుడు తట్టింది నాకు. మా ఇంట్లో అందరం పాటించేది ఆ మాటే. నేను లేనని తెలియగానే అవ్వ దిగేసి ఉంటుంది. దిగినచోటే నిలబడి, నేను వస్తానని చూస్తూ ఉంటుంది.

బస్టాపు ఎదురుగా బేకరీ ఉంది. లోపలికి పోయి తలుపు పక్కన నిలబడ్డాను. నంజప్ప అంగట్లో నేను స్తంభం పక్కన నిలబడితే చాలు, ఆయనే "ఏం పాపా, ఏం కావల్ల?" అంటాడు. పెద్దవాళ్ళు పలకరించేదాకా ఆగడమే మర్యాద అని పెరిగాను. ఇక్కడ నా తర్వాత వచ్చినవాళ్ళు బోన్జూర్ అంటూ రావడం, రొట్టె కొనుక్కుని పోవడం. బేకరీ ఆమె నన్ను ఒకసారి చూసి ముఖం తిప్పుకుంది. గోడ మీద గడియారంలో అవ్వ తినే వేళ దాటుతోంది.

దగ్గరికి పోయి ఇంగ్లిష్‌లో "ఫోన్ ప్లీజ్, మై గ్రాండ్‌మదర్" అన్నాను.

ఆమె రెండు చేతులూ బల్ల మీద పెట్టి, "బోన్జూర్" అంది. పలకరింపులా లేదు. పాఠం అప్పజెప్పించుకునే టీచరులా ఉంది. "బోన్జూర్," అంది మళ్ళీ, నా కళ్ళలోకి చూస్తూ.

డబ్బా బరువు భుజానికి తెలుస్తోంది.

"బోన్జూర్ అమ్మా" అన్నాను. అవ్వ తగిలించే 'అమ్మా' తోకతో సహా వచ్చింది మాట.

ఆమె ముఖం మారిపోయింది. నవ్వి ఏదో అడిగింది. నా ఫోనులో ఉన్న అవ్వ నంబరు చూపించాను. తన ఫోను తీసి ఇచ్చింది.

పూర్తిగా మోగి ఆగిపోయింది. అవ్వ ఎత్తలేదు. ఎందుకు ఎత్తుతుంది? "తెలీని నంబరు ఎత్తొద్దు, మోసగాళ్ళుంటారు" అని ఒట్టు వేయించుకున్నది నేనే. మేడంకు చేశాను. ఆ పూట మేళా వేదిక మీద ఉంటుంది, ఫోను ఆపేసి ఉంది.

అప్పుడు తాత గుర్తొచ్చాడు. మా తాత మునియప్ప ఫోనులో ఎప్పుడూ చార్జింగు ఉండదు. గూళ్ళ మార్కెట్ నుంచి ఎవరి ఫోనుతోనో చేస్తాడు. ఒక రింగు ఇచ్చి కట్ చేస్తాడు. మళ్ళీ ఒక రింగు ఇచ్చి కట్ చేస్తాడు. మూడోసారి మోగితే మన మనిషే అని అవ్వ ఎత్తుతుంది.

ఒక రింగు ఇచ్చి కట్ చేశాను. బేకరీ ఆమె "నాన్, నాన్" అంటూ, వద్దు, ఆగాలి అన్నట్టు చెయ్యి ఆడించింది. మళ్ళీ చేసి మళ్ళీ కట్ చేశాను. నాకు ఫోను వాడటం రాదనుకుని చెయ్యి చాపింది. నేను ఫోను వెనక్కి లాక్కుని, ఆగమని నా అరచెయ్యి చూపించాను. పెద్దవాళ్ళకు అట్లా ఎప్పుడూ చూపించలేదు.

మూడోసారి మోగింది.

"ఎవురప్పా?"

"అవ్వా, నేను సహనను."

"ఏమే, యాడికి పోతివే? నీ కోసరం ఈడ్నే నిలబడుండా!"

"నేను యాడికీ పోలేదవ్వా. పోయింది నువ్వు. నేనూ ఈడ్నే నిలబడుండా."



"ఇద్దురూ నిలబడుంటే ఎట్లే? ఎవురో ఒకురు కదలల్ల కదా!"

"చేతులు వణుకుతాండాయా?"

"కొంచిం. పక్కన ఒక అమ్మ ఉండాది. బోన్జూర్ చెప్పినా. అప్పుట్నించి నా చెయ్యి ఇడ్సలేదు."

"ఫోను ఆ అమ్మకియ్యి. నువ్వు కూర్చో."

నేను నా చేతిలోని ఫోను బేకరీ ఆమెకు ఇచ్చాను. వాళ్ళిద్దరూ వాళ్ళ భాషలో మాట్లాడుకున్నారు. తర్వాత ఆమె గ్లాసు ఎత్తి తాగినట్టు చేసి చూపించింది. అవ్వకు ఏదో తాగించారని అర్థమైంది. ఇంకో వైపు నుంచి వచ్చే బస్సులో తీసుకొస్తారన్నట్టు వేలితో చూపించింది.

కాసేపటికి అటునుంచి వచ్చిన బస్సులోంచి అవ్వ దిగింది, ఎర్ర కోటు వేసుకున్న ఒకామె చెయ్యి పట్టుకుని. బేకరీ బయట బెంచీ మీద కూర్చోబెట్టి డబ్బా తెరిచాను. అవ్వ ఉప్పిట్టు, అదే ఉప్మా, నోట్లో పెట్టుకునేముందు ఆమెకూ, బయటికి వచ్చిన బేకరీ ఆమెకూ చూపించి "తింటారామ్మా?" అని అడిగింది. ఎర్ర కోటు ఆమె చిటికెడు తిని, పచ్చిమిరపకాయ తగిలి కళ్ళు తుడుచుకుంది.

"నువ్వు అర్సింటే ఆ డ్రైవరప్ప ఆపుండేవాడు" అంది అవ్వ నాతో.

"ఏమని అరిసేది?"

"బోన్జూర్ అనే! ఇంకేమి వస్తాది మనకి?"

హోటలుకు పోయే బస్సు వచ్చినప్పుడు అవ్వ తలుపు దగ్గర ఆగి నా వీపు మీద చెయ్యి వేసి ముందుకు తోసింది. నేను ఎక్కాను. డ్రైవరు నా వైపు చూశాడు.

"బోన్జూర్ అప్పా" అన్నాను.

ఆయన తిరిగి చెప్పాడు. ఆయన తలుపు మూయబోతే నేను ఇంకా ఒకరున్నారని చెయ్యి చూపించి, అవ్వ రెండో కాలు లోపల పెట్టేదాకా మెట్టు మీద నుంచి కదల్లేదు.