కారుకి సంప్రోక్షణ

తాడేపల్లిగూడెంలో పాత ఇనుము కొట్టు వెనక తుప్పు పట్టి పడివున్న మోరిస్ మైనర్ కారుని మా ఆయన మురళీకృష్ణ ఏలూరు తెచ్చి నాలుగేళ్లయింది. ఆదివారం వస్తే చాలు, దాని కిందే పడక. మా మావయ్యగారు దత్తాత్రేయులుగారు ఊళ్లో పేరున్న పురోహితులు. ఈ నాలుగేళ్లూ ఆ కారుకేసి కన్నెత్తి చూడలేదు. "కాలేజీలో పాఠాలు చెప్పుకునేవాడికి ఈ ఇనపసామానెందుకమ్మా?" అని నన్ను సాధించేవారు. తండ్రి ఒక్కసారి మెచ్చుకోవాలని మా ఆయన ఆశ. పైకి చెప్పరు గానీ నాకు తెలీదా!

చివరికి కారుకి మీగడ రంగు వేయించి, "ముహూర్తం మీరే పెట్టాలి నాన్నగారూ, ముందు సీట్లో మీరే కూర్చోవాలి" అన్నారు.

"పూజ చేస్తాను. ఎక్కమని మాత్రం అడక్కు" అన్నారు మావయ్యగారు.

పూజ మొదలయ్యాక చూడాలి ఆయన ఉత్సాహం! బానెట్ తెరిపించారు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టించారు. సంప్రోక్షణకి నాలుగు చుక్కలు చల్లితే సరిపోతుంది కదా, మంత్రం ఊపులో కలశమంతా ఇంజను మీద గుమ్మరించేశారు.

మా ఆయన సెల్ఫ్ కొట్టారు. ఇంజను మూలిగింది గానీ అందుకోలేదు. ముహూర్తం పది నిమిషాల్లో ఉంది. మా ఆయన మొహం చూస్తే నాకే ఏడుపొచ్చింది.

"పాడుచేసేశానట్రా?" అన్నారు మావయ్యగారు, ఖాళీ కలశంలోకి చూస్తూ.

"లేదండీ. డిస్ట్రిబ్యూటర్‌లోకి, అదే ఇంజనుకి కరెంటు పంచే మూతలోకి, నీళ్లెళ్లాయంతే. పొడిగుడ్డతో తుడిస్తే సరి. సుమనా, మంచి గుడ్డ పట్రా."

నేను ఇంట్లోకి పరుగెత్తబోయేలోగా మావయ్యగారు భుజమ్మీది పట్టు ఉత్తరీయం లాగారు. మడి ఉత్తరీయమది! పొరపాటున మేం తగిలినా మళ్లీ స్నానం చేసే మనిషి.

"మడండీ, నాన్నగారూ..."

"మడి సంగతి తర్వాత. ఎక్కడ తుడవాలో చెప్పు" అంటూ తనే ఇంజనులోకి వంగారు. "ఈ మూతలోనా? ఇటువైపా?" మోచేతుల దాకా గ్రీజు.

ఈసారి సెల్ఫ్ కొట్టగానే కారు గుర్రుమంది. సరిగ్గా ముహూర్తానికి నిమ్మకాయలు చితికాయి. నేను చిన్నపిల్లలా చప్పట్లు కొట్టాను. రెండడుగులు కదిలి కారు ఆగిందో లేదో, మావయ్యగారు తలుపు తీసుకుని ముందు సీట్లో కూర్చున్నారు. నేను వెనక ఎక్కాను.

కొల్లేటికోట అమ్మవారి దర్శనానికి బయల్దేరాం. దారిలో రైల్వే గేటు పడింది. స్కూటర్లు, ఆటోలు దిగి జనం కారు చుట్టూ మూగారు.

"ఎవరిదండీ బండి? ఎంత ముద్దుగా ఉందండీ!" అన్నాడొకాయన.

మావయ్యగారు కిటికీలోంచి తల బయటపెట్టారు. "మాదేనండీ. తండ్రీకొడుకులం కలిసి బాగుచేసుకున్నాం. నాలుగేళ్లు పట్టిందండీ!"

నేను నోట్లో కొంగు కుక్కుకున్నాను. మా ఆయన మాత్రం నవ్వలేదు. గేటు తీశారు. వెనక లారీవాడు హారన్ మీద హారన్ కొడుతున్నా, కారు కదపకుండా కళ్లు తుడుచుకుంటూ కూర్చున్నారు.